నాయనా అని పిలిపించుకొన్న సైన్యాధిపతి

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన వాక్యభాగములు: 1 సమూయేలు 25:2-38, 2 రాజులు 5:1-14

 

ఈ దినము దయాళుత్వమును గూర్చి ధ్యానించుకొందాము. దయ అనగానే మనకు బీదవారికి బట్టలు పంచడము, ఆసుపత్రిలో రోగులకు పండ్లు ఇవ్వడము గుర్తుకొస్తాయి. అవి చేయవలసినవే. అయితే నేను చెప్పబోయేది మన చేతిక్రింద పనిచేసేవారిపట్ల ఉండవలసిన దయను గూర్చి. మీరు సంఘపెద్ద కావచ్చు, సండేస్కూలు సూపరింటెండెంటు కావచ్చు, క్వయరు నడిపించేవారు కావచ్చు. బడిలో ప్రధానోపాధ్యాయులు, ఆఫీసులో పదిమందిమీద అధికారి, ఇల్లు కట్టే పనిలో మేస్త్రీ, ఎవరైనా కావచ్చు. కోడళ్లున్న అత్తగారైనా సరే, ఈ మాట మీకు కూడా వర్తిస్తుంది. ఎవరో కొందరు మీ మాటమీద పనిచేస్తున్నారు. వారిపట్ల మీరు దయగా ఉంటే పని చెడుతుందా, బాగుపడుతుందా? “కాస్త కఠినంగా లేకపోతే పని జరగదండీ” అని చాలామంది విశ్వాసులే నాతో అంటుంటారు. వాక్యము ఏమి చూపిస్తున్నదో చూద్దాము.

మొదట 1 సమూయేలు 25వ అధ్యాయము తెరవండి. మాయోనులో నాబాలు అనే ఒక ధనవంతుడున్నాడు. అతనికి మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు. కర్మెలులో గొర్రెల బొచ్చు కత్తిరించే దినములు వచ్చాయి. ఆ దినములలో విందు ఉండేది, వచ్చినవారికి పెట్టేవారు. అప్పటివరకు అరణ్యములో దావీదు మనుష్యులు అతని మందలకు రాత్రింబగళ్లు కాపుగా ఉన్నారు. అందుచేత దావీదు పదిమంది యౌవనస్థులను పంపించి, నీ చేతికి దొరికినది ఏదైనా మాకు ఇప్పించుమని మర్యాదగా అడిగించాడు. నాబాలు ఏమన్నాడు? దావీదు ఎవడు, యజమానులను విడిచి పారిపోయే దాసులు ఈ దినాల్లో చాలామంది ఉన్నారు అని అవమానపరచి పంపించాడు. దావీదు నాలుగువందల మందితో కత్తి కట్టుకొని బయలుదేరాడు.

ఇప్పుడు గమనించండి. ఆ ఇంటిలో పనిచేసే ఒక యువకునికి జరగబోయేది అర్థమైంది. తెల్లవారేలోగా ఇంట్లో మగవాడన్నవాడు మిగలడని తెలిసింది. ఇంత పెద్ద సంగతి తెలిసినవాడు ఎవరి దగ్గరకు పరుగెత్తాలి? యజమాని దగ్గరకు. కాని అతడు అక్కడికి వెళ్లలేదు. అబీగయీలమ్మ దగ్గరకు వెళ్లి, మన యజమాని ఎంత పనికిమాలినవాడంటే ఎవరూ అతనితో మాట్లాడలేరు అని చెప్పాడు (17వ వచనము). కత్తి గుమ్మము దాకా వచ్చినా ఆ మాట యజమాని చెవిన వేసే ధైర్యము ఆ ఇంట్లో ఒక్కరికీ లేదు. అబీగయీలు సహితము, రెండువందల రొట్టెలు, అయిదు గొర్రెల మాంసము, ఎండు ద్రాక్ష గెలలు, అంజూరపు అడలు గాడిదలమీద వేయించుకొని వెళ్లేటప్పుడు భర్తకు చెప్పలేదు. తిరిగి వచ్చిన రాత్రి కూడా చెప్పలేదు. అతడు రాజులాగా విందు చేసి త్రాగి మత్తుగా ఉన్నాడు. తెల్లవారిన తర్వాత చెబితే అతని గుండె పగిలి రాయిలాగా బిగుసుకుపోయాడు. పది దినములకు యెహోవా మొత్తగా చనిపోయాడు.

నాబాలు పాపమును గూర్చి బోధించేటప్పుడు మనము సాధారణంగా అతని లోభమును గూర్చి చెబుతాము. లోభము ఉన్నది, నిజమే. కాని ఆ పనివాడు చెప్పిన సాక్ష్యము లోభమును గూర్చి కాదు. “ఎవరూ మాట్లాడలేరు” అన్నదే అతని ఫిర్యాదు. మూడు వేల గొర్రెలున్నవాడు తన ఇంటిలో జరుగుతున్నది తెలియని ఒకే ఒక్క మనిషిగా మిగిలిపోయాడు. అతని కఠినత్వము పనివారిని కష్టపెట్టింది, దానితో పాటు అతన్ని గుడ్డివాడిని చేసింది. ఇంటిని కాపాడినది ఎవరంటే పనివాడు భయపడకుండా దగ్గరకు వెళ్లి చెప్పుకోగలిగిన ఆ ఇల్లాలు.

ఇక 2 రాజులు 5వ అధ్యాయము. నయమాను ఇశ్రాయేలీయుడు కాడు. సిరియా రాజుయొక్క సైన్యాధిపతి, మనకు శత్రుదేశపువాడు. పరాక్రమశాలి, కాని కుష్ఠరోగి. ఈ కథలో మనము ఎలీషాను, యొర్దానును, ఏడు మునకలను చూస్తాము. ఈ దినము పనివారిని చూడండి. మొదటి కబురు ఎక్కడినుండి వచ్చింది? యుద్ధములో చెరపట్టి తెచ్చిన ఒక చిన్నపిల్ల దగ్గరనుండి. ఊరు పోయింది, తల్లిదండ్రులకు దూరమైంది, దాసిగా బ్రదుకుతున్నది. అలాంటి పిల్ల తన యజమానురాలితో, మన యజమానుడు షోమ్రోనులోని ప్రవక్త దగ్గరకు వెళ్తే బాగుండును కదా అని చెప్పింది. చెప్పకుండా ఉంటే ఆ పిల్లను అడిగేదెవరు? చెప్పింది. ఆ ఇంటిలో ఒక బానిస పిల్ల మాట భార్య విన్నది, భర్తకు చేరింది, అతడు దానిని రాజు దగ్గరకు తీసుకొని వెళ్లాడు.

తర్వాత ఎలీషా గుమ్మము దగ్గర నయమానుకు కోపము వచ్చింది. ప్రవక్త బయటికి రాలేదు, సేవకునిచేత కబురు పంపాడు, యొర్దానులో ఏడుమారులు స్నానము చేయమన్నాడు. దమస్కు నదులైన అబానా, ఫర్పరు దీనికంటె మంచివి కావా అని రౌద్రుడై రథము తిప్పుకొన్నాడు. సైన్యాధిపతి కోపములో ఉన్నప్పుడు ఎదురుపడడము ఏ దాసునికైనా ప్రాణాపాయమే. అయినా అతని దాసుల పక్షముగా ఒకడు దగ్గరకు వచ్చాడు. ఏమని పిలిచాడు? “నాయనా” అని పిలిచాడు. అదే ఈ దినము మనకు ముఖ్యమైన మాట. ప్రభువా అనలేదు, ఏలినవాడా అనలేదు. ప్రవక్త ఏదైనా గొప్ప పని చెబితే చేసేవాడివే కదా, స్నానము చేయమంటే ఎందుకు చేయవు అని నెమ్మదిగా అడిగాడు. నయమాను రథము దిగి నదికి వెళ్లాడు. అతని దేహము పసిపిల్లవాని దేహమువలె అయ్యింది.

ఆ పిలుపు ఆ ఒక్క దినమున పుట్టినది కాదు. ఏళ్ల తరబడి ఆ సైన్యాధిపతి తనవారితో ఎలా ఉన్నాడో ఆ ఒక్క మాటలో తెలుస్తున్నది. దాడిలో అలసినప్పుడు, గుడారములో అన్నము దగ్గర, ఎవరైనా పొరపాటు చేసినప్పుడు అతడు ఎలా ప్రవర్తించి ఉంటే, కోపముతో మండిపోతున్న వేళ కూడా ఒక దాసునికి నాయనా అని దగ్గరకు రాబుద్ధి అయ్యింది? నయమానుకు కోపము లేదని వాక్యము చెప్పడము లేదు. కోపములో కూడా అతని దగ్గరకు రావచ్చునని పనివారికి తెలుసు. అతని స్వస్థత ఆ దారినే వచ్చింది.

నాబాలు దగ్గరకు ఎవరూ రాలేదు. నయమాను దగ్గరకు వచ్చారు. నాయకునిలో దయాళుత్వము ఉన్నదా లేదా అని కొలవాలంటే నేను ఈ కొలతే వాడతాను. చిరునవ్వును బట్టి కొలవను, క్రిస్మసుకు పంచే చీరలను బట్టి కొలవను. చేదు సంగతి ఒకటి తెలిసినప్పుడు చేతిక్రిందివారు ఆయన దగ్గరకు వస్తున్నారా, లేక ఆయన తప్ప అందరూ గుసగుసలాడుకొంటున్నారా అన్నదే చూస్తాను.

ఇది పాతకాలపు కాపరుల, రథముల కథ, మనకెందుకు అనుకొంటారేమో. మన కాలములో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1977 మార్చి 27న స్పెయిను దేశమునకు చెందిన టెనెరిఫే అనే దీవిలో విమానాశ్రయమంతా మంచు కమ్ముకొని ఉంది. రెండు జంబో విమానాలు ఒకే రన్‌వేమీద ఉన్నాయి. ఒకటి డచ్చివారిది, ఒకటి అమెరికావారిది. డచ్చి విమానము కెప్టెను సామాన్యుడు కాడు. ఆ కంపెనీలో పైలట్లకు శిక్షణ ఇచ్చే విభాగానికి పెద్ద. అంతకుముందే ఒకసారి ఆయన విమానము కదిలించబోతే, ఇంకా అనుమతి రాలేదని సహాయ పైలటు ఆపాడు. రెండవసారి కదిలించినప్పుడు ఫ్లయిట్ ఇంజనీరుకు అనుమానము వచ్చింది. ఆ అమెరికా విమానము ఇంకా రన్‌వేమీదనుండి తప్పుకోలేదేమో అన్న అర్థము వచ్చేలా అడిగాడు. తప్పుకొన్నదని కెప్టెను గట్టిగా చెప్పాడు. ఇంజనీరు మరి మాట్లాడలేదు. సహాయ పైలటు కూడా మాట్లాడలేదు. కొన్ని క్షణములకు రెండు విమానములు గుద్దుకొన్నాయి. 583 మంది చనిపోయారు. ప్రపంచ విమానయాన చరిత్రలో అంతకంటె ఎక్కువమంది చనిపోయిన ప్రమాదము మరొకటి లేదు.

ఆ కెప్టెనును నేను నాబాలుతో పోల్చడము లేదు. ఆ ప్రమాదానికి మంచు ఒక కారణము, రేడియోలో ఒకేసారి ఇద్దరు మాట్లాడడము వలన మాట వినబడకపోవడము ఒక కారణము, ఇంకా ఉన్నాయి. ఆయన దుష్టుడు కానక్కరలేదు. నాయకుడు మరీ పెద్దవాడైపోయి, ఆయన ఒకసారి “అవును” అంటే మరల అడగడము కష్టమైపోతే చాలు. మన సంఘాల్లో ముప్పది సంవత్సరములనుండి నమ్మకముగా సేవ చేసిన పెద్దల విషయములో ఇదే జరుగుతుంటుంది. ఆయన ఎవరినీ తిట్టరు. అయినా ఆయన ఎదుట ఎవరూ నోరు తెరవరు. అలాంటి పెద్దలు కఠినులు కాకపోవడము ఒక్కటే సరిపోదు, దయతో తామే అడిగి మాట రప్పించాలి.

టెనెరిఫే మొదలుకొని అలాంటి ప్రమాదములు చూసిన తర్వాత విమానయాన కంపెనీలు ఒక కొత్త శిక్షణ మొదలుపెట్టాయి. కెప్టెను చేతిక్రిందివారి మాట వినడము, చేతిక్రిందివారు గౌరవముగానే అయినా స్పష్టముగా మాట్లాడడము, వీటిని పాఠముగా నేర్పించారు. ఆ పాఠము నేర్చుకొన్న ఒక కెప్టెను ఆల్ హేన్స్. 1989 జూలై 19న ఆయన డెన్వరునుండి షికాగోకు 296 మందితో విమానము నడుపుతుండగా వెనుకవైపు ఇంజను పగిలి, విమానమును తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థలు మూడూ పోయాయి. స్టీరింగు పనిచేయని బస్సును కొండదారిలో ఊహించుకోండి, అది ఆకాశములో ఉన్నదనుకోండి. అదే కంపెనీలో పైలట్లకు శిక్షణ ఇచ్చే డెన్నిస్ ఫిచ్ అనే ఆయన ఆ దినము ప్రయాణికుడుగా కూర్చుని ఉన్నాడు. సహాయము చేయమంటారా అని అడిగించాడు. హేన్స్ వెంటనే లోపలికి పిలిచాడు. ఇది నా విమానము, నీవెవరవు అనలేదు. ఫిచ్ కెప్టెనుకు, సహాయ పైలటుకు మధ్య నేలమీద మోకరించి రెండు ఇంజన్ల బలమును చేతులతో హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉన్నాడు. దాదాపు ముప్పావు గంట నలుగురు ఒకరినొకరు అడుగుకొంటూ, చెప్పుకొంటూ విమానమును సూ సిటీ రన్‌వేవరకు తెచ్చారు. విమానము నేలను తాకినప్పుడు విరిగి మండింది. 112 మంది చనిపోయారు, అది దుఃఖమే. కాని 184 మంది బ్రతికారు. అలాంటి స్థితిలో ఒక్కరు బ్రతకడమే కష్టమని నిపుణులు అనుకొన్నారు. తర్వాత హేన్స్ ఊరూరా తిరిగి మాట్లాడినప్పుడు గొప్పతనము తనమీద వేసుకోలేదు. కెప్టెను చెప్పిందే వేదమన్న పాత రోజుల్లో అయితే మేము రన్‌వేదాకా వచ్చేవారము కాము అన్న అర్థములోనే చెబుతూ వచ్చారు.

ఆసుపత్రులలో కూడా ఇదే తేలింది. అమెరికాలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు రోగులకు మందులు ఇవ్వడములో జరిగే పొరపాట్లను గూర్చి అధ్యయనము చేసి 1996లో ప్రచురించారు. మంచి నాయకత్వము, మంచి సంబంధములు ఉన్న వార్డులలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె ఎదురుచూశారు. లెక్క తిరగబడింది. మంచి వార్డులలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఇదేమిటి అని లోతుగా చూస్తే సంగతి బయటపడింది. ఆ వార్డులలో నర్సులు ఎక్కువ తప్పులు చేయడము లేదు, జరిగిన తప్పును దాచకుండా చెబుతున్నారు. కఠినమైన పెద్దనర్సు ఉన్న చోట కాగితముమీద తప్పులు తక్కువ, ఎందుకంటే ఎవరూ చెప్పరు. గూగుల్ కంపెనీ కూడా 2012లో మొదలుపెట్టి తన 180 జట్లను పరిశీలించి, జట్టులో ఎంత తెలివిగలవారు ఉన్నారన్నదానికంటె, మాట్లాడితే అవమానపరచరన్న ధైర్యము వారికి ఉన్నదా అన్నదే పనిని ఎక్కువ ప్రభావితము చేస్తున్నదని తెలుసుకొంది. లోకస్థులు ఇంత ఖర్చుపెట్టి తెలుసుకొన్న సంగతిని నాబాలు పనివాడు ఒక్క వాక్యములో ఎప్పుడో చెప్పేశాడు.

ప్రియులారా, మీ సంఘములో పొరపాట్లే కనబడకపోతే అందుకు సంతోషించకండి. సంవత్సరాంతమున లెక్కలు చదివినప్పుడు ఎవరూ ఒక్క ప్రశ్న అడగకపోవడము ఐక్యతకు గుర్తు అని కొందరు అనుకొంటారు. అది ఐక్యత కావచ్చు. భయము కూడా కావచ్చు.

గలతీ 5:22లో ఆత్మ ఫలములో దయాళుత్వము అని మన తెలుగు బైబిలులో ఉన్న మాటకు, మత్తయి 11:30లో ప్రభువు తన కాడి సుళువైనదని చెప్పిన ఆ సుళువు అన్న మాటకు గ్రీకు భాషలో మూలము ఒక్కటే. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి. వ్యవసాయము తెలిసిన మీకు వివరించనక్కరలేదు. కాడి సరిగా చెక్కకపోతే ఎద్దు మెడ ఒరుసుకుపోయి పుండు పడుతుంది. పుండు పడ్డ ఎద్దును ఎంత కొట్టినా అడుగు పడదు, పడినా చాలు వంకరపోతుంది. కాడి మెడకు సరిపోతే అదే ఎద్దు పొద్దు వాలేవరకు లాగుతుంది. సుళువైన కాడి అంటే పని లేని కాడి కాదు. పొలము దున్నవలసిందే. మన ప్రభువు నజరేతులో వడ్రంగి. కాడిని గూర్చి ఆయన తెలియక మాట్లాడలేదు.

రెహబాము ఈ సంగతి వినలేదు. 1 రాజులు 12వ అధ్యాయములో ప్రజలు షెకెముకు వచ్చి, నీ తండ్రి పెట్టిన కాడి బరువుగా ఉన్నది, తేలిక చేస్తే నీకు సేవ చేస్తాము అన్నారు. వారు తిరగబడడానికి రాలేదు, పుండు ఎక్కడ ఉన్నదో చూపించడానికి వచ్చారు. ఎద్దుకు నోరు లేదు, రైతే మెడ తడిమి చూసుకోవాలి. మనిషి నోరు తెరచి చెప్పుకోగలడు. పెద్దలు మంచి మాటలతో వారికి ఉత్తరమిమ్మని చెప్పారు. అతడు తనతోపాటు పెరిగిన యౌవనస్థుల మాట విని, మీ కాడి ఇంకా బరువు చేస్తానన్నాడు. పది గోత్రములు వెళ్లిపోయాయి. దావీదు కట్టిన రాజ్యము ఒక్క కఠినమైన జవాబుతో చీలింది. తెలుగునాట ఎన్ని సంఘములు ఇలా చీలలేదు? సిద్ధాంతము పేరు చెబుతారు. కాస్త తవ్వి చూస్తే ఒక మీటింగులో ఎవరో ఒకరు నలుగురి ఎదుట ఒకరిని కసిరిన సంగతి అడుగున ఉంటుంది.

తెలుగునాట అంటే గుర్తుకొచ్చింది. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి పేరు మీలో చాలామంది విన్నారు. ఆయన తిరునల్వేలి ప్రాంతములో 1874లో పుట్టిన తమిళుడు. తెలుగు నేర్చుకొని 1909లో దోర్నకల్ వచ్చి సువార్త సేవ చేశారు. మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లాండు దేశములోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందలకు పైగా ప్రతినిధులు. ఆసియా ఖండమునుండి వెళ్లినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అక్కడ ముప్పది అయిదేండ్ల అజరయ్యగారిని, విదేశీ మిషనరీలు స్వదేశీ సేవకులు కలిసి పనిచేయడమును గూర్చి మాట్లాడమన్నారు. ఆయన ఉన్నదున్నట్లు చెప్పారు. మిషనరీ జీతమిచ్చే యజమాని, సేవకుడు జీతము తీసుకొనే పనివాడు అన్నట్లు ఉన్నంతకాలము భారత సంఘములో ఆత్మగౌరవము పెరగదని చెప్పారు. మీ త్యాగములకు మా సంఘము కృతజ్ఞతతో ఉంటుంది, అయితే మాకు స్నేహితులు కావాలి అని ముగించారు. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరికి కోపము వచ్చింది.

ఈ సంగతి చెప్పేటప్పుడు అందరూ అజరయ్యగారి ధైర్యమునే మెచ్చుకొంటారు. విన్నవారిని గూర్చి కూడా చెప్పాలి. అప్పుడు మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ అనే ఆంగ్లేయుడు. అజరయ్యగారికి పై అధికారి. అలాంటి మాటలు చెప్పిన యువకుడిని ఆయన తొక్కివేయలేదు. మిషనరీలలోనూ భారతీయులలోనూ చాలామంది వద్దన్నా, అతనిని బిషప్పు చేయాలని పట్టుబట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందారు. 1945 జనవరి 1న మరణించేవరకు ఆ సేవలోనే ఉన్నారు. ఆ మేత్రాసనములోని విశ్వాసుల సంఖ్య 1941 నాటికి రెండు లక్షలు దాటింది. పాలెములలో, మాల మాదిగ పేటలలో వేలమంది గ్రామ ఉపదేశకులు ఆ పని చేశారు. ఈ పత్రిక చదువుతున్న మీలో కొందరి తాతముత్తాతలు ఆ చేతులమీదుగానే బాప్తిస్మము పొందినవారు. చేదు మాట చెప్పిన యువకునికి ఆ దినమే తలుపు మూసివేసి ఉంటే మన సంఘ చరిత్ర మరొకలాగ ఉండేది.

ఇప్పుడు కొందరు అడుగుతారు: అయ్యగారూ, దయ దయ అంటే క్రమశిక్షణ ఏమవుతుంది? లెక్కలు తప్పుగా వ్రాసిన కోశాధికారిని కూడా ఏమీ అనకూడదా? అనాలి. తప్పు చేసినవాడికి తప్పు అని చెప్పకపోవడము దయ కాదు, అది నాయకుని పిరికితనము. పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటలు చదవండి, ఎక్కడైనా మెత్తగా జారిపోయాడా? అయితే అదే పౌలు ఫిలేమోనుకు వ్రాసేటప్పుడు, ఆజ్ఞాపించే అధికారము తనకు ఉన్నదని చెబుతూనే, ప్రేమనుబట్టి బ్రతిమాలుకొంటున్నానని వ్రాశాడు. ఒనేసిము విషయములో ఫిలేమోను ఇష్టపూర్వకముగా చేయాలని అతని కోరిక. గలతీ 6:1లో, తప్పిదములో చిక్కుకొన్నవానిని సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తీసుకొనిరమ్మని చెప్పాడు. అక్కడ తప్పిదము తప్పిదముగానే ఉన్నది.

మరొక రకము కూడా ఉన్నది. అమ్మా, నాయనా, తమ్ముడూ అని తీయగా పిలుస్తారు, టీ త్రాగిస్తారు, ఇంటిదాకా వచ్చి ప్రార్థన చేస్తారు. పని దగ్గర మీరు చెప్పిన ఒక్క మాట కూడా వినరు. మాట మెత్తన, చెవి మూసివేత. నేను దీనిని దయాళుత్వము అనలేను. నాబాలు కనీసము లోపల ఉన్నది బయట చూపించాడు.

బోయజు ఎలా చేశాడో చూడండి. రూతు 2వ అధ్యాయములో బేత్లెహేమునుండి చేనికి వచ్చీ రాగానే కోతవారికి యెహోవా పేరట మంచి మాట చెప్పి పలకరించాడు. వారు కూడా యెహోవా పేరట జవాబిచ్చారు. ఎంత కోశారు, ఎన్ని పనలయ్యాయి అని మొదట అడగలేదు. తర్వాత పనివారిమీద ఉన్న వానిని, ఆ చిన్నది ఎవరని అడిగాడు. అతడు తెలిసినదంతా చెప్పాడు. ఒక పరదేశురాలు పరిగె ఏరుకొంటున్నదన్న చిన్న సంగతి కూడా యజమాని చెవికి చేరే చేను అది. తర్వాత పనివారిని గట్టిగానే ఆజ్ఞాపించాడు, ఆమెను ముట్టవద్దు, గద్దించవద్దు అని. ఆ ఆజ్ఞను వారు పాటించారు. పలకరించే యజమాని ఆజ్ఞాపించలేడని ఎవరన్నారు?

ఇక మీ ఇంటికీ, మీ సంఘానికీ వద్దాము. వచ్చే కమిటీ మీటింగులో పెద్దగా ఉన్నవారు అభిప్రాయము అందరికంటె చివర చెప్పండి. ముందుగా మీరే చెబితే తక్కినవారు ఆమేన్ అనడము తప్ప ఏమి చేస్తారు? అందరికంటె చిన్నవారిని, మీటింగులో మూలన కూర్చునే సహోదరిని పేరు పెట్టి అడగండి. వారు చెప్పిన మాట మీకు నచ్చకపోతే ఆ క్షణమున మీ ముఖమును కాచుకోండి. చెడు కబురు తెచ్చినవాడు మొదట చూసేది మీ కనుబొమ్మలనే. అవి ముడిపడితే అతడు సగములో ఆపి “ఏమీ లేదండి” అంటాడు. ఆ మిగిలిన సగము మీకు మరెన్నడూ తెలియదు. పొరపాటు చేసినవారిని గద్దించవలసి వస్తే నలుగురిలో వద్దు, పక్కకు పిలిచి మాట్లాడండి. మెచ్చుకోవలసి వస్తే మాత్రము నలుగురిలోనే మెచ్చుకోండి. క్వయరులో శ్రుతి తప్పిన అమ్మాయిని ఆదివారము ఆరాధన మధ్యలో చూపుతోనే చంపివేసే నాయకులను నేను చూశాను. ఆ అమ్మాయి మరుసటి ఆదివారము రాకపోతే, ఈ తరము పిల్లలకు భక్తి లేదని వారే అంటారు.

నాబాలు వంటి యజమాని క్రింద పనిచేస్తున్న మీతో కూడా ఒక మాట. ఆ పనివాడు ఊరకుండలేదు. చెప్పగలిగిన మనిషిని వెదకి, కత్తి రాకముందే చెప్పాడు. మౌనముగా ఉండడమే విధేయత అని మీకు ఎవరైనా బోధించి ఉంటే అది ఈ అధ్యాయములో కనబడదు. అబీగయీలు తన భర్తను మార్చలేకపోయింది. ఇంటిలోనివారి ప్రాణములను కాపాడింది. దావీదు కూడా ఆమె మాట విన్నాడన్నది మరువకండి. నాలుగువందల కత్తులతో వస్తున్నవాడు దారిలో ఆగి, గాడిద దిగి సాగిలపడిన ఒక స్త్రీ చెప్పిన బుద్ధి విని, రక్తాపరాధము లేకుండా వెనుకకు తిరిగాడు. దేవుడు అతనిని రాజుగా ఏర్పరచుకోవడములో ఆశ్చర్యము లేదు.

మీరు ఎవరిమీద పెద్దగా ఉన్నారో వారిలో ఒకరి పేరు ఇప్పుడు తలచుకోండి. ఈ మధ్య మీతో మాట్లాడడము తగ్గించినవారి పేరైతే మంచిది. ఈ వారములో వారి దగ్గరకు మీరే వెళ్లి, మన పనిలో నాకు తెలియనిది, నీకు తెలిసినది ఏమిటమ్మా అని అడగండి. అడిగిన తర్వాత జవాబు పూర్తయ్యేవరకు మధ్యలో మాట్లాడకండి.

నయమాను బాగుపడిన తర్వాత ఎలీషాను ఒక విచిత్రమైన వరము అడిగాడు, రెండు కంచరగాడిదలు మోసేంత మట్టి. అతనికి ఆ మట్టి ఎందుకు అన్నది వచ్చే వారము ఇదే సమయమునకు ధ్యానించుకొందాము. అంతవరకు 2 రాజులు 5వ అధ్యాయము 15వ వచనమునుండి చదివి ఉంచండి.